నిన్న మనం ఏం తిన్నాం?



మొగుళ్లపల్లిలోనైనా, మరే ఊళ్లోనైనా "ఏం తిన్నారు?" అని అడిగితే "అన్నం, పప్పు" అంటాం. పొద్దున టీలో ముంచుకున్న బిస్కెట్లు, బడికి వెళ్తూ పిల్లవాడు కిరాణా కొట్టులో కొనుక్కున్న చిప్స్, పత్తిచేను నుంచి వస్తూ తాగిన కూల్‌డ్రింక్ ఆ జవాబులో ఉండవు. అవి మన దృష్టిలో చిరుతిండి మాత్రమే. కాని కడుపుకు అలాంటి తేడా తెలియదు.

ప్రజల ఆహారాన్ని కొలిచేవారికి ఎదురయ్యే పెద్ద చిక్కు ఇదే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కేంద్రంగా 1972లో మొదలైన పర్యవేక్షణ బ్యూరో పలు రాష్ట్రాల పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి, గడిచిన 24 గంటల్లో ఏం తిన్నారో అడిగి రాసుకునేది. నేడు గ్రాముల లెక్క ఒక్కటే చాలదు. ఆ ఆహారం ఎలా తయారైందో కూడా చూడాలి. బ్రెజిల్‌కు చెందిన కార్లోస్ మోంటీరో బృందం రూపొందించిన 'నోవా' పద్ధతి ఆహారాన్ని 4 వర్గాలుగా విభజిస్తుంది. నాలుగోది అతిగా శుద్ధి చేసిన ఆహారం. అంటే మన వంటింట్లో ఉండని రంగులు, కృత్రిమ రుచులు, ఇతర రసాయనాలు కలిపి ఫ్యాక్టరీలో తయారుచేసేది. ఇంట్లో చేసిన సకినాలు ఈ కోవలోకి రావు. దీన్ని కొలవడానికి అక్కడివారు 23 రకాల జాబితా తయారుచేశారు. "నిన్న ఇది తిన్నారా?" అని ఒక్కొక్కటే అడిగి, "అవును"లను లెక్కిస్తారు. పేరు పెట్టి అడిగితేనే మరచిపోయినది గుర్తుకొస్తుంది.

సోదరులారా! దివ్య ఖుర్ఆన్ మన ఆహారం ధర్మసమ్మతంగానూ, పరిశుద్ధంగానూ ఉండాలని ఆదేశించింది. మొదటి షరతు గురించి మనం ఎంతో జాగ్రత్తపడతాం. మరి రెండోదాని సంగతేమిటి? అలాగని అల్లాహ్ నిషేధించని దాన్ని నిషిద్ధమని ప్రకటించే అధికారం మనకు లేదు. కాని శరీరం అల్లాహ్ అప్పగించిన అమానతు. పిల్లల శరీరాలు మనకు మరింత పెద్ద అమానతు. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు చాలునని దైవప్రవక్త (స) బోధించారు. తీర్పుదినాన లెక్క అడగక ముందే మన లెక్క మనమే చూసుకోవాలని హజ్రత్ ఉమర్ (రజి) హితవు పలికారు.

కనుక ఈ రాత్రి ఇషా నమాజు తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని, నిన్న తిన్నవాటిని ఒక్కొక్కటే పేరు పెట్టి అడిగి కాగితం మీద రాయండి. పిల్లల్ని గద్దించకండి. భయపడిన బిడ్డ నిజం చెప్పడు, అప్పుడు లెక్కే తప్పుతుంది. వారం రోజులు ఇలా చేయండి. ప్యాకెట్ వెనుక ఉండే పదార్థాల పట్టిక చదవండి. ఎక్కువ బరువున్నది అందులో ముందుంటుంది. ఇలాంటి ఆహారాన్ని తగ్గించమని, లేబుల్ చదవమని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు కూడా సూచించాయి.

తల్లిని నిందించకండి. పొద్దంతా కూలికి వెళ్లొచ్చిన ఆమెకు ఏడ్చే బిడ్డను ఊరుకోబెట్టడానికి ప్యాకెట్టే దిక్కవుతోంది. దైవప్రవక్త (స) స్వయంగా ఇంటి పనుల్లో పాలుపంచుకునేవారు. తండ్రులారా, పల్లీలు వేయించడం, గుడాలు ఉడికించడం మనకు చేతకాని పనులా?

మనం తిన్నదాన్ని నిజాయితీగా చూసుకునే ధైర్యాన్ని, మన సంతానానికి ఆరోగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.