లోతులలో చూచినది సమాజములో చెప్పవలెను

ధ్యాన భాగము: కీర్తన 107:23-32



ఈ కీర్తనలో ఓడలెక్కి మహాజలముల మీదికి వెళ్లినవారిని గూర్చి చదువుచున్నాము. వారు లోతులలో దేవుని అద్భుతములను చూచిరి. అయితే కీర్తనకారుడు అంతటితో ఆపలేదు. వారు జనసమాజములో, పెద్దల సభలో ఆయనను ఘనపరచవలెనని 32వ వచనములో కోరుచున్నాడు. చూచినవారు చెప్పవలెను, సమాజము వినవలెను.

ఇంగ్లాండు దేశపు కళాకారిణి సూ ఆస్టిన్ గారు దీర్ఘవ్యాధి వలన 1996 నుండి చక్రాల కుర్చీ వాడసాగిరి. ఆ కుర్చీ ఆమెకు స్వేచ్ఛనిచ్చి మరల వీధిలోనికి తీసికొనివచ్చెను. కాని ఆమెను చూచువారి చూపులు మారిపోయెను. 2005లో ఆమె స్కూబా డైవింగు నేర్చుకొన్నారు. అప్పుడొక సంగతి తోచినది. వీపున కట్టుకొను గాలి సిలిండరు మనిషిని తనంతట తాను వెళ్లలేని చోటికి చేర్చు సాధనము; చక్రాల కుర్చీయు అంతే. సిలిండరును చూచి జనులు సాహసమందురు, కుర్చీని చూచి అయ్యో పాపమందురు. ఆమె ఆ రెంటిని కలిపిరి. నీటిలో కుర్చీ గిరగిర తిరిగిపోవునని ఇంజనీర్లు చెప్పినను వెనుదీయక, మోటార్లు, పాదములతో నడుపు రెక్కలు అమర్చిన కుర్చీలో నీటి అడుగున సంచరించిరి. 2012లో లండన్ ఒలింపిక్సు సందర్భమున జరిగిన కళోత్సవములో దానిని ప్రదర్శించి, ఆ సంవత్సరమే డిసెంబరులో అమెరికాలో సభయెదుట ఈ సంగతులు వివరించిరి.

అది మతప్రసంగము కాదు. అయినను సంఘము నేర్చుకొనవలసినవి రెండున్నవి.

మొదటిది, నీటి అడుగున అందరును అశక్తులే. సిలిండరు లేక బలవంతుడును అక్కడ నిలువలేడు. 2001లో మూతపడిన కోలారు బంగారు గనులలో మనవారనేకులు పనిచేసిరి. దీపము లేనిదే ఆ చీకటిలో ఎవరికిని పని సాగలేదు. దీపము పెట్టుకొన్నందుకు వారిమీద ఎవరును జాలిపడలేదు. మనలో ప్రతివాడును దేవుడిచ్చిన ఆధారముతోనే నిలిచియున్నాడు. కావున కుర్చీనో, చేతికర్రనో చూచి మనిషిని తక్కువగా ఎంచకూడదు.

రెండవది, వారిని మాటలాడనియ్యవలెను. మోషే తాను నోటి మాంద్యము గలవాడనని చెప్పినప్పుడు దేవుడు అతనిని ప్రక్కకు పెట్టలేదు. అహరోనును తోడిచ్చి పంపెను (నిర్గమ 4:10-16). బలహీనముగా కనబడు అవయవములు మరి అవశ్యములని పౌలు వ్రాసెను (1 కొరింథీ 12:22). వికలాంగులైనవారి కొరకు ప్రార్థించుట మంచిదే. వారిచేత ప్రార్థన చేయించుచున్నామా? సాక్ష్యమునకు పిలిచినప్పుడు వారి బాధను మాత్రమే అడుగుచున్నామా, లేక ఆ లోతులలో ప్రభువును ఎట్లు చూచిరో అడుగుచున్నామా? మందిరపు మెట్ల ప్రక్కన ర్యాంపు ఉన్నదా? కూర్చున్నవారి నోటికి మైకు అందునా? సంఘ పెద్దలు, స్త్రీల సమాజము, యౌవనస్థులు వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒకమారు మందిరము చుట్టు నడిచి చూడవలెనని మనవి.

లోతులలో తన బిడ్డలకు తోడైయుండు ప్రభువు, వారి మాట వినుటకు మనకు చెవులును, స్థలమిచ్చుటకు మనస్సును దయచేయును గాక. ఆమేన్.