చిలుక పలుకు, మనిషి ప్రేమ

భద్రాచల రామదాసు గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు ఎందుకు గడపవలసి వచ్చిందన్న ప్రశ్నకు చరిత్ర చెప్పే సమాధానం అందరికీ తెలిసినదే. సర్కారుకు చేరవలసిన పన్నుల సొమ్ముతో ఆయన రాములవారికి గుడి కట్టించాడు. కాని జనశ్రుతికి ఆ సమాధానం చాలలేదు. అంతటి భక్తునికి అంతటి శిక్షా అన్న శంక తీర్చుకోవడానికి అది పూర్వజన్మ దాకా వెళ్లింది. ఆ జన్మలో ఆయన ఒక చిలుకను పన్నెండేళ్లు పంజరంలో ఉంచాడట. ఏడాదికి ఏడాది చొప్పున ఈ జన్మలో ఆ ఋణం తీర్చుకున్నాడట. కర్మసిద్ధాంతాన్ని నమ్మినా నమ్మకపోయినా ఈ కల్పనలోని ధర్మసూక్ష్మం గమనింపదగినది. కొట్టినందుకో, ఆకలికి మాడ్చినందుకో కాదు ఆ శిక్ష, కేవలం బంధించినందుకు.

నిజానికి చిలుకను పెంచేవారిలో క్రూరులు అరుదు. ప్రశ్న చిక్కుపడేది కూడా అక్కడే. వేటగాని చేతిలో వల ఉంటుంది కనుక అతని తప్పు కంటికి కనబడుతుంది. గృహస్థుని చేతిలో ఉన్నది జామపండు. ఈ ఇద్దరి మధ్య గల సంబంధాన్ని ఏడవ శతాబ్దంలోనే బాణభట్టు ‘కాదంబరి’లో చూపించాడు. శూద్రక మహారాజు కొలువుకు బంగారు పంజరంలో వచ్చిన చిలుక తన కథ తానే చెబుతుంది: ముసలి శబరుడొకడు బూరుగుచెట్టెక్కి తొర్రలలోని పిల్లలను ఒక్కొక్కటిగా లాగి, చంపి కిందికి విసరడం, తనను రెక్కల కింద దాచుకున్న తండ్రి ప్రాణం పోవడం. కొలువులో అందరూ మెచ్చుకున్న ఆ వాక్చాతుర్యం వెనుక ఒక గూడు నాశనమై ఉంది.

దేవతల చేతి చిలుకకు మాత్రం పంజరం లేదు. మధురై మీనాక్షి చేతిలోనూ, గోదాదేవి చేతిలోనూ అది స్వేచ్ఛగానే కూర్చుంటుంది. అయితే అదే మీనాక్షి ఆలయంలో ఒకప్పుడు చిలుకలను బంధించి అమ్మవారి నామం పలికించేవారు. ఆ మండపానికి చిలుకల పంజరం పేరే నేటికీ నిలిచి ఉంది. భక్తి కూడా ఆ పలుకును ఆశించింది.

ఇంతకూ ఆ పలుకు ఏమిటి? అడవిలో చిలుక గుంపును విడిచి బతకదు. ఎగిరేటప్పుడూ, సాయంవేళ చెట్టుకు చేరేటప్పుడూ ఒకదానినొకటి పిలుచుకుంటూనే ఉంటాయి. వెనిజులాలోని ఒక చిన్న జాతి చిలుకలపై జరిగి 2011లో వెలువడిన పరిశోధనలో తల్లిదండ్రులు గూటిలో ఉండగానే పిల్లలకు వేర్వేరు పిలుపులు నేర్పుతున్నట్లు తేలింది. ఒకవిధంగా అది నామకరణమే. మన రామచిలుకలలోనూ అదే పద్ధతి ఉన్నదని దీనినిబట్టి చెప్పలేము గాని, అనుకరణ శక్తి వాటికి గుంపు కోసమే అబ్బిందని మాత్రం చెప్పవచ్చు. గుంపు కరువైన పక్షి దొరికినవారినే గుంపుగా భావించి వారి మాట నేర్చుకుంటుంది. అందరూ ఉద్యోగాలకు వెళ్లిన ఇంట్లో రోజంతా పిలుస్తుంది. జవాబు రాకపోతే కొన్ని చిలుకలు తమ ఈకలు తామే పీక్కుంటాయి. ఇంటివారు గర్వంగా అతిథులకు వినిపించే పలుకు ఇదే.

చట్టం సందిగ్ధానికి తావివ్వలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దేశవాళీ చిలుకలను పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. 2022 నాటి సవరణ 2023 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చాక రామచిలుక రెండవ షెడ్యూలులో చేరింది. పక్షులకు ఆకాశంలో ఎగిరే హక్కు ఉన్నదని 2015లో ఢిల్లీ హైకోర్టు వ్యాఖ్యానించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో రామచిలుకనే రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. రాష్ట్ర చిహ్నమైన పక్షి అరుగు మీద వేలాడే పంజరంలో జోస్యపు చీటీ తీస్తుండగా చూసి దాటిపోవడం ఇప్పటికీ ఎవరికీ వింతగా తోచదు.

అయితే ఇప్పటికే ఇంట్లో ఉన్న చిలుక మాటేమిటి? పంజరం తలుపు తెరిస్తే పాపం తీరుతుందనుకోవడం తొందరపాటు. కళ్లు తెరవకముందే గూటినుంచి తెచ్చి, అన్నం మెతుకులు తినిపించి పెంచిన పక్షికి ఆహారం వెతుక్కోవడం రాదు, పిల్లి అంటే భయం తెలియదు, కత్తిరించిన రెక్క గోడ దాటనివ్వదు. పండుగనాడు పుణ్యానికి దానిని గాలిలోకి ఎగరేయడం పక్షి కోసం కాక తన మనశ్శాంతి కోసం చేసే పని. అటవీశాఖకు అప్పగిస్తే అక్కడివారు రెక్కల బలం పరీక్షించి, తోటి చిలుకలతో కలిపి, విడిచిపెట్టదగినదో కాదో నిర్ణయిస్తారు. విడవరాని దానికి జీవితాంతం పోషణ తప్పదు. దానికి రెక్కలు పూర్తిగా చాచగలిగేంత చోటు, కొరకడానికి పచ్చికొమ్మలు, స్నానానికి నీళ్లు, వట్టి గింజలకు బదులు ఆకుకూరలూ పండ్లూ మొలకెత్తిన పప్పులూ, అన్నిటికంటే ముందు మరో చిలుక తోడు ఉండాలి. ఉప్పు కారం కలిపిన ముద్దలు, మిఠాయిలు ప్రేమతో పెట్టినా హానికరాలే.

విదేశీ చిలుకలైతే చట్టానికి అడ్డు లేదని కొందరు అటు మొగ్గుతున్నారు. వాటిని నమోదు చేయించాలని 2024లో నిబంధనలు వచ్చాయి. కాగితం సక్రమమైనంత మాత్రాన వాటి ఒంటరితనం వేరైపోదు.

కాలం లెక్క కూడా ఒకటి ఉంది. మనుషుల మధ్య చిలుక ఇరవై ఏళ్లకు పైగా జీవించగలదు. అయిదేళ్ల పిల్లవాడు మారాం చేశాడని తెచ్చిన పక్షి, వాడు చదువు ముగించి హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిన తరువాత కూడా ఆ వరండాలోనే ఉంటుంది, మోకాళ్ల నొప్పులతో నీళ్లు మార్చే తల్లి గొంతునే అనుకరిస్తూ, వాడి పేరు పెట్టి పిలుస్తూ.