చేప పిత్తము తెచ్చిన కుమారుడు



తోబీతు గ్రంథంలో ఒక తల్లి ఉంది. ఆమె పేరు అన్నా. చూపు పోయిన భర్త తోబీతు, మాదియా దేశంలో ఒకరి వద్ద దాచిన పది తలాంతుల వెండిని తెమ్మని ఒక్కగానొక్క కుమారుడు తోబియాను పంపుతున్నాడు. ఆ తల్లి ఏడ్చింది. డబ్బు రాకపోతే పోయె, బిడ్డ కళ్ళ ముందుంటే చాలదా అని భర్తను నిలదీసింది. ఐదవ అధ్యాయం తీసి చదవండి. ఆ తల్లి మన విచారణలో ప్రతి వీధిలోనూ ఉంది.

కిందటి సెప్టెంబరులో అలాంటి తల్లి ఒకామె కొడుకును వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చింది. విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఆ అబ్బాయి, విద్యార్థుల మార్పిడి పథకం కింద ఒక సెమిస్టరు బెల్జియంలోని లూవెన్ నగరానికి వెళ్తున్నాడు. “మావాడు మారిపోయి వస్తాడేమో ఫాదర్ గారూ” అన్నదామె. తండ్రి మాత్రం, “ఆరు నెలలకు ఇంత ఖర్చు పెడుతున్నాం, ఏం తెస్తాడో చూడాలి” అన్నాడు.

ఈ పథకం సంగతి మన కుటుంబాలు తెలుసుకోవడం మంచిది. ఇది విదేశంలో స్థిరపడే చదువు కాదు. విద్యార్థి పేరు సొంత విశ్వవిద్యాలయంలోనే ఉంటుంది. మామూలుగా ఫీజు ఇక్కడే కడతారు, అక్కడ కట్టనక్కరలేదు. తిండి, బస, ప్రయాణం ఖర్చులు మాత్రం మనవే. అక్కడ చదివిన చదువును లెక్కగట్టి ఇక్కడి చదువులో కలుపుతారు. ఐరోపా దేశాలు తమలో తాము 1987లో ఆరంభించిన ఇలాంటి పథకానికి ఎరాస్మస్ అని పేరు. ఆ ఎరాస్మస్ మన కథోలిక గురువే. నెదర్లాండ్స్‌లో పుట్టి, పారిస్‌లో చదివి, కేంబ్రిడ్జిలోనూ లూవెన్‌లోనూ పనిచేసిన పండితుడు.

తిరుసభకు ఇది కొత్త కాదు. సెమినరీలో మాకు తత్వశాస్త్రం నేర్పిన గ్రంథాలను రాసిన పునీత తోమాసు అక్వినాసు ఇటలీవాడు. పారిస్‌లో, కొలోన్‌లో పరదేశిగా చదువుకున్నాడు. మాట్లాడకుండా కూర్చుంటాడని తోటి విద్యార్థులు ఆయనను మూగ ఎద్దు అని వెక్కిరించేవారట. ఆ మౌనం వెనుక ఏముందో గురువైన పునీత ఆల్బర్టు మాత్రం కనిపెట్టాడు. 1529లో పారిస్‌లో పునీత లొయోలా ఇగ్నాసివారు, పునీత ఫ్రాన్సిస్ శౌరివారు, పునీత పీటర్ ఫేబర్ ఒకే గదిలో ఉన్నారు. ముగ్గురూ పరాయి ఊరి విద్యార్థులే. ఆ గదిలో కలిసిన స్నేహం మన భారతదేశం దాకా వచ్చింది. లూవెన్‌లో పాఠాలు చెప్పిన జార్జి లెమైత్ర్ అనే గురువు కూడా 1923లో కేంబ్రిడ్జికి, ఆ తరువాత అమెరికాకు వెళ్ళి చదివాడు. తిరిగి వచ్చి 1927లో విశ్వం విస్తరిస్తున్నదని గణితంతో చూపించాడు.

ఇవన్నీ ఆ అబ్బాయికి చెప్పాను. ఆ తరువాత హెచ్చరికలూ చేశాను. మద్యం, చెడు స్నేహాలు, ఆదివారం పూజ మానడం, అప్పులు. వేళ్ళు మడిచి లెక్కపెట్టి మరీ చెప్పాను.

ఫిబ్రవరిలో తిరిగి వచ్చాడు. నేను చెప్పిన ప్రమాదాల్లో ఒక్కటీ అతని జోలికి రాలేదు. నేను చెప్పనిది మాత్రం వచ్చింది. ఒంటరితనం. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దు వాలిపోతుంది. గదిలో ఒక్కడే. అమ్మ ఫోను చేస్తే, బెంగ పడుతుందని, బాగున్నానని అబద్ధమాడేవాడు. ఆదివారం దగ్గరలోని గుడికి వెళ్ళేవాడు. పూజ వాళ్ళ భాషలో. మాట తెలియకపోయినా వరుస మనదే కనుక ఎక్కడ ఏం జరుగుతున్నదో తెలిసేది. కాని నాలుగు ఆదివారాలు ఎవరూ పలకరించలేదు.

“ఐదో ఆదివారం సమాధానం ఇచ్చుకునే వేళ ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు ఫాదర్. పూజ అయ్యాక నా పేరు అడిగి చిన్న కాగితం మీద రాసుకుంది. మళ్ళీ ఆదివారం గుమ్మం దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిచింది. తప్పుగానే పలికింది. నాకు ఏడుపొచ్చింది.”

ఆ నగరంలోనే పునీత డామియన్ సమాధి ఉంది. బెల్జియం నుండి బయలుదేరి, 1873లో మొలొకాయి ద్వీపంలోని కుష్ఠురోగుల మధ్యకు వెళ్ళి, అదే రోగంతో 1889లో మరణించిన మహనీయుడు. అబ్బాయి అక్కడికి వెళ్ళి కూర్చునేవాడట.

ఇదంతా చెప్పి అతను ఒక ప్రశ్న అడిగాడు. “మన గుడిలో వెనుక, చెప్పుల దగ్గర నిలబడతారే, ఇటుక బట్టీలో పనికి వచ్చిన జార్ఖండ్ వాళ్ళు. వాళ్ళ పేర్లు మీకు తెలుసా ఫాదర్?”

సహోదరులారా, నాకు ఒక్క పేరూ తెలియదు. రెండేళ్ళుగా వాళ్ళు నా చేతి మీదుగా దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తున్నారు. పరదేశిని ఆదరించుటను గూర్చి మత్తయి సువిశేషం 25వ అధ్యాయం మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు.

ఆ మంగళవారం ఉపదేశిగారిని, ఆ అబ్బాయిని తీసుకొని బట్టీకి వెళ్ళాను. పదకొండు కుటుంబాలు. ఒక తల్లి చంకలో ఏడాది దాటిన బిడ్డ. ఇంకా జ్ఞానస్నానం కాలేదు. ఎందుకమ్మా అంటే, ఎవరిని అడగాలో, ఏ భాషలో అడగాలో తెలియలేదని వచ్చీరాని హిందీలో చెప్పింది. గుడికీ బట్టీకీ మధ్య దూరం రెండు కిలోమీటర్లు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తోబియా కథ చివర గుర్తున్నదా? వెండి వచ్చింది నిజమే. కాని ఇల్లు చేరిన కుమారుడు మొదట చేసిన పని, దారిలో పట్టిన చేప పిత్తాన్ని తండ్రి కళ్ళకు రాయడం. తెల్లటి పొరలు ఊడి వచ్చాయి. తండ్రి చూశాడు. వెండి కోసం పంపితే చూపు తెచ్చాడు. పిత్తము చేదు, కళ్ళకు మంట. ఆ అబ్బాయి ప్రశ్న కూడా నాకు అలాగే మండింది.

తల్లులారా, పిల్లలు మారి వస్తారు. మారకుండా రావాలని కాక, మేలుకు మారాలని ప్రార్థించండి. ఫోనులో మార్కులతో పాటు, “ఈ వారం నిన్ను పేరు పెట్టి పిలిచినవారు ఉన్నారా నాన్నా” అని అడగండి. వెళ్ళే పిల్లలారా, దిగులుగా ఉంటే దాచకండి. ఇంటి దగ్గర ఉన్న మనమందరం వచ్చే ఆదివారం పూజ అయ్యాక వెంటనే వెళ్ళిపోకుండా, వెనుక నిలబడ్డవారిలో ఒక్కరి పేరు అడుగుదాం. తప్పుగా పలికినా ఫరవాలేదు.

ఆ బిడ్డ జ్ఞానస్నానం పాస్కా జాగరణ రాత్రి జరిగింది. లూవెన్ వెళ్ళివచ్చిన అబ్బాయి జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. అతని తల్లి బిడ్డకు తెల్లని గౌను కుట్టింది. ఏం తెస్తాడో చూడాలన్న తండ్రి ఆ రాత్రి వెనుక వరుసలో, బట్టీవాళ్ళ మధ్య కూర్చున్నాడు.

తోబియాకు తోడుగా రఫాయేలు దూతను పంపిన ప్రభువు, దూరదేశాల్లో ఉన్న మన బిడ్డలకు తోడుగా ఉండునుగాక. మన కన్నుల పొరలు తొలగించునుగాక. ఆమెన్.