ముప్ఫైతొమ్మిది చింతపిక్కలు

దసరా సెలవులకు నా పాత విద్యార్థిని ఇంటికొచ్చింది. సీతంపేట ఏజెన్సీలో ప్రాథమిక బడిలో ఎనిమిదేళ్లు ఎస్జీటీగా చేసి, స్టడీ లీవు మీద ఎం.ఇడి. చదువుతోంది. మా రోజుల్లో ఏడాదిలో అయిపోయేది. 2015లో దాన్ని రెండేళ్లు చేశారు. చేరేముందు చెప్పడానికొచ్చినప్పుడు తన ఆలోచన దాచుకోలేదు. ఎం.ఏ. ఎలాగూ ఉంది, ఇది కూడా చేతికొస్తే టీచర్లకు శిక్షణ ఇచ్చే డైట్‌లో లెక్చరర్ పోస్టుకు ప్రయత్నించొచ్చు, కొండ దిగొచ్చు, తన పిల్లల్ని ఊళ్లో మంచి బడిలో వేయొచ్చు. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు.

ఈసారి మాట మారింది.

"డైట్‌కి వెళ్లాలని లేదు మాస్టారూ. మళ్లీ నా మూడో తరగతికే పోతాను."

"చదువు నచ్చలేదా అమ్మా?"

"నచ్చబట్టే అంటున్నాను."

నాకు నమ్మకం కుదరలేదు. "అలిసిపోయినవాళ్లు కూడా ఇలాగే అంటారు. నీది అలసటో, నిజంగా మారిన మనసో ఎలా తెలుస్తుంది?"

ఆమె జవాబు చెప్పకుండా మా ఆవిడ దగ్గరికెళ్లి గుప్పెడు చింతపిక్కలు పట్టుకొచ్చింది. గచ్చు మీద పోసి లెక్కపెట్టింది. ముప్ఫైతొమ్మిది.

"డిసర్టేషన్ కోసం మా బడికే వెళ్లి ప్రీటెస్టు పెట్టాను. ఇన్ని చింతపిక్కలే ఇచ్చి కుప్పలు చేయమన్నాను. మూడు పదులూ తొమ్మిదీ రావాలి కదా. ఒక సవర గిరిజన పిల్లాడు ఇలా పెట్టాడు." ఇరవై పిక్కలు ఒక పక్కకు జరిపింది. పన్నెండు ఇంకో పక్కకు. ఏడు మిగిలాయి. "సున్నా వేశాను. పదుల భావన లేదు అని పక్కన రాసుకున్నాను కూడా."

"తర్వాత?"

"లైబ్రరీలో సవర లెక్కల గురించి చదివాను. వాళ్ల భాషలో పన్నెండు దాటితే పన్నెండూ ఒకటీ, పన్నెండూ రెండూ అని పోతుంది. ఇరవై దగ్గర మళ్లీ కొత్త మెట్టు. ముప్ఫైతొమ్మిదంటే ఇరవై, పన్నెండు, ఏడు. వాడు ఒక్క పిక్క కూడా తప్పు పెట్టలేదు మాస్టారూ. వెళ్లి అడిగితే, మా అవ్వ ఇలాగే లెక్కపెడుతుంది అన్నాడు." కాసేపు ఆగింది. "ఎనిమిదేళ్లలో ఇలాంటి సున్నాలు ఎన్ని వేశానో!"

నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. నేను వేసిన సున్నాలూ గుర్తొచ్చాయి.

అయినా వాదన వదల్లేదు. "అలాగైతే నువ్వు డైట్‌లోనే ఉండాలి. అక్కడి నుంచి ఏటా ఎంతమంది టీచర్లు బయటికొస్తారో తెలుసుగా. ఈ సంగతి వాళ్లందరికీ చెప్పొచ్చు."

"ఏం చెప్పాలి? ఒక పిల్లాడి కథ ఒక పీరియడ్‌కే సరిపోతుంది. వాడు కూడిక ఎలా చేస్తాడో నాకు తెలీదు. పదమూడు అనే మాటలో పది ఉందని ఎప్పుడు పట్టుకుంటాడో తెలీదు. తెలుసుకోకుండా చెబితే, నాకు ట్రైనింగుల్లో చెప్పినవాళ్లకీ నాకూ తేడా ఏముంది?"

"చదువు పనిముట్లు ఇస్తుంది. ఎక్కడికి పోవాలో మనమే ముందు అనుకుంటాం. నువ్వు ఆ రెండో దాన్నే మార్చేసుకున్నావు."

"మార్చేసింది చదువే. నేను మొదట అనుకున్నదాంట్లో బడి పిల్లలే లేరు మాస్టారూ, నేనొక్కదాన్నే ఉన్నాను."

ఈ మాట నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. ఎనిమిదేళ్లు వానలో, చలిలో కొండెక్కిన మనిషి తన పిల్లలు ఊళ్లో మంచి బడిలో చదవాలనుకుంటే దాన్ని స్వార్థమనడం అన్యాయం. అదే చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుంది. తన పిల్లల చదువు సంగతి ఇంకా తేలలేదట. ఇంట్లో రోజూ అదే మాటట.

అప్పుడు గిడుగు రామమూర్తిగారి ప్రస్తావన తెచ్చాను. 1880లో పర్లాకిమిడిలో కుటుంబ పోషణకు బడిపంతులుగా చేరారాయన. శ్రీముఖలింగం గుడి గోడల మీద శాసనాలు చదవడం తనంతట తాను నేర్చుకున్నారు. ఆ తర్వాత చుట్టుపక్కల సవరల భాష నేర్చారు, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పే ప్రయత్నం చేశారు. ఆయన సవర భాషా గ్రంథం 1931లో వచ్చింది, దాదాపు 68 ఏళ్ల వయసులో. కొలువులో చేరిననాడు వీటిలో ఒక్కటైనా ఆయన అనుకుని ఉంటారా?

"ఉండరు. కానీ మాస్టారూ, ఆయన అంత దారి వేసి పెట్టాక కూడా నేను ఎనిమిదేళ్లు పక్కనుంచి నడిచిపోయాను. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైన మాతృభాషా బోధనలో సవర కూడా ఉంది. అంతా ఉంది. నా తరగతి గదిలోకి నేనే తెచ్చుకోలేదు."

"రెండేళ్లు అక్కడ చూడు. చూసినవన్నీ రాసిపెట్టుకో. తర్వాత డైట్‌కి వెళ్లు. నీలాంటివాళ్లు అక్కడికి వెళ్లకపోతే ఆ సున్నాలు ఆగవు. ఇది నేను బతిమాలి చెబుతున్నాననుకో."

"రాసిపెడతాను. తర్వాత సంగతి తర్వాత చూద్దాం." పిక్కలన్నీ మళ్లీ కలిపేసి నా ముందుకు తోసింది. "మీరు పెట్టండి, ఆ పిల్లాడి లెక్కన."

ఇరవై తీశాను, బాగానే వచ్చింది. రెండో కుప్ప దగ్గర నా చేయి దానంతటదే పది దగ్గర ఆగిపోయింది. ఇంకా రెండు వేయాలని తెలుసు. తెలిసీ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకోవలసి వచ్చింది.

"తొందరేం లేదు మాస్టారూ," అంది, మూడో తరగతి పిల్లాడితో అన్నట్టే.