ఇందులో ఇదివరకు ఏముండేది?

మా చెల్లెలి మొగుడికి పాత ఇనుమంటే ప్రాణం. మగవాళ్ళకి ఒక్కొక్కళ్ళకి ఒక్కొక్క పిచ్చి వుంటుంది కదా, కొందరికి పేకాట, కొందరికి రాజకీయాలు. ఇతనికి తుక్కు. టెక్సాస్‌లో డాలస్ దగ్గర వాళ్ళిల్లు. పోయినేడు నేను వెళ్ళేసరికి పెరట్లో, గులాబీ మొక్కల పక్కన, రెండు యినప ట్యాంకులు పడి వున్నాయి. ఒకటి మనిషి కాళ్ళు జాపుకుని పడుకునేంత పొడుగు. తెల్లరంగు పెచ్చులూడి, తుప్పు పట్టి చూడ్డానికే అసహ్యంగా వుంది. రెండోది పొట్టిది. వెండి బిందెలా తళతళలాడుతోంది.

"ఇవేమిటి బాబూ, నీళ్ళ ట్యాంకులా?" అన్నాను.

"కాదు వదినగారూ, స్మోకర్ చేద్దామని. పొగలో మాంసం వండే పొయ్యి" అన్నాడు మొహం వెలిగిపోతూ.

"వండేది తర్వాత సంగతి అక్కా. మూడు నెలల్నించీ కాగితం మీద గీతలే" అని చెల్లెలు వంటింట్లోంచి అందుకుంది.

ఆ కాగితం నాకూ చూపించాడు. పొడుగు ట్యాంకు అడ్డంగా పడుకుంటుంది, అది వంటగది. పొట్టిది దాని పక్కన కాస్త కిందుగా వుంటుంది, అది నిప్పుగది. నిప్పు మాంసం కింద వుండదు. వేడీ పొగా మధ్యనున్న కన్నంలోంచి వచ్చి, మాంసం మీదుగా సాగి, అవతలి చివర గొట్టంలోంచి పోతాయి. లోపల 107 నించి 121 డిగ్రీల సెల్సియస్ వేడి చాలు. నీళ్ళు మరిగే వేడికన్నా కొంచెమే ఎక్కువన్నమాట. పెద్ద ముక్కయితే పన్నెండు గంటలైనా పడుతుంది. పొగ పల్చగా, నీలంగా వుండాలి. తెల్లగా దట్టంగా వచ్చిందా, మాంసం చేదెక్కుతుంది. 19వ శతాబ్దంలో జర్మన్లూ, చెక్‌లూ వచ్చి టెక్సాస్‌లో స్థిరపడ్డారనీ, వాళ్ళలో మాంసం కొట్లు పెట్టుకున్నవాళ్ళు తెచ్చిన అలవాటనీ చెప్పాడు. వీళ్ళింట్లో గొడ్డు మాంసం తినరు కనక మేక తొడతో ప్రారంభిస్తాట్ట.

నాకు మా అమ్మమ్మ దాలి గుర్తొచ్చింది. పొద్దున్న పిడకల నిప్పు మీద పెట్టిన పాలకుండ సాయంత్రానికి ఎర్రటి మీగడ కట్టేది. ఎక్కడి టెక్సాస్, ఎక్కడి గోదావరి జిల్లా!

"అంతా బాగానే వుంది గానీ, ఇందులో ఇదివరకు ఏముండేది?" అని అడిగాను. ఏ ఆడదైనా అడిగే మొదటి ప్రశ్న ఇదే కదా.

పొడుగుదాంట్లో ప్రొపేన్ గ్యాసు వుండేదిట. దాని ఒంటి మీద ఒక రేకు బిగించి వుంది. ఎవరు చేశారు, ఎన్ని గ్యాలన్లు పడుతుంది, ఎంత ఒత్తిడి తట్టుకుంటుంది, అన్నీ అందులో వున్నాయి. "ఖాళీ ట్యాంకే ప్రమాదం వదినగారూ" అన్నాడు. అడుగున మిగిలిన గ్యాసు గాలితో కలిసి వుంటుంది, కోసేటప్పుడు ఒక్క రవ్వ పడితే చాలు. అందుకని తెలిసినవాళ్ళ చేత వాల్వు తీయించి, మెడ దాకా నీళ్ళు నింపి, గ్యాసంతా బయటికి తోలేశాక గానీ దాని మీద రంపం పెట్టకూడదు. గ్యాసు లీకయితే తెలియడానికి కలుపుతారే, మెర్కాప్టాన్ అనే కంపు సరుకు, అది లోపలి యినుముని పట్టుకుని ఒక పట్టాన వదలదు. కోశాక లోపల కట్టెలు పేర్చి పెద్ద మంట వెయ్యాలి, కంపు పోయేదాకా మళ్ళీ మళ్ళీ. బయటి రంగు గీకెయ్యాలి. ఆ తర్వాత నూనె రాసి కాల్చాలి. మనం కొత్త పెనానికి నూనె రాసి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది, మొదటి రెండు దోసెలు పారేస్తాం చూడండి, అలాగ.

"మరి ఈ తళతళలాడేది?"

దానికి రేకు లేదు. చౌకగా వస్తోందని తుక్కు కొట్లో కొన్నాడు. ఏముండేదో అమ్మినవాడికీ తెలియదు. పైన పూత జింకుది. జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నిప్పుగది ఎర్రగా కాలితే ఆ పూత పొగై లేస్తుంది. ఆ పొగ పీల్చిన వెల్డింగు పనివాళ్ళకి చలిజ్వరం వస్తుందని ఇతనికీ తెలుసు. "పూత గీకేస్తాను లెండి" అన్నాడు.

"పూత గీకుతావు సరే, తెలియనిదాన్నెలా గీకుతావు?"

మాట్లాడలేదు. నాది చాదస్తమనుకున్నాడేమో. కానీ 2013 జూలై 16న బీహార్‌లో, సారణ్ జిల్లాలో ఒక బళ్ళో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు పోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు వున్నట్టు పరీక్షలో తేలింది. పురుగుమందు డబ్బాలో నూనె పోసి వుంటారని అధికారులు అనుమానించారు. ఆ వార్త చదివిన రోజు నేను అన్నం కలుపుకోలేకపోయాను.

మా అమ్మమ్మ కిరసనాయిలు డబ్బాని పారేసేది కాదు. బూడిదతో తోమి, చింతపండుతో తోమి, పది రోజులు ఎండబెట్టి, ముందు గేదె తవుడు పోసి చూసి, ఆ తర్వాతే కందిపప్పు పోసేది. ఒకసారి పాలేరు పొలం నించి బిగుతు మూత వున్న పురుగుమందు డబ్బా తెచ్చి, "ఎంత బావుందో చూడండమ్మా" అన్నాడు. అమ్మమ్మ గునపం తెప్పించి దాన్ని నాలుగుచోట్ల పొడిపించింది. పారేస్తే పోయేదానికి ఈ పొడవడం ఎందుకని అడిగితే, "నేను వాడను, సరే. ఎవత్తో ఏరుకుపోయి పిల్లలకి నీళ్ళు పోస్తేనో?" అంది. మన గుమ్మం దాటిన వస్తువుకి కూడా మన పూచీ వుంటుందని ఆవిడకి ఎవరూ పాఠం చెప్పలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఇదే ఆలోచిస్తున్నాను. ఆలోచన ఇనుము మీంచి మా వంటమనిషి మీదికి పోయింది.

హైదరాబాదులో మాకు ఆరేళ్ళు వంట చేసిందావిడ. ఒకసారి కూతురి కాలేజీ ఫీజుకని నా బీరువాలోంచి డబ్బు తీసింది. నేనింకా చూసుకోనేలేదు, రెండోరోజు తనే వచ్చి చెప్పి ఏడ్చింది. నెలనెలా కోయించుకుని అణాపైసలతో తీర్చింది. ఆ తర్వాత మూడేళ్ళు తాళాలు ఆవిడ దగ్గరే వుండేవి. మేం ఇల్లు మారాక, పక్కవీధి ఆవిడ "మనిషెలాంటిదండీ?" అని అడిగింది. దాచడం తప్పు కదా, నమ్మి అడిగింది కదా అనుకుని, "చాలా మంచిదండీ, కానీ ఒకసారి..." అన్నాను. ఆ 'కానీ' తర్వాత నేను చెప్పిన మిగతా సంగతి ఆవిడ చెవిన పడలేదు. పనిలో పెట్టుకోలేదు.

నేను చెప్పింది అబద్ధం కాదు. అమ్మమ్మ గునపంతో చేసిన పనే నేను నోటితో చేశాననుకుని చాలాకాలం సమాధానపడ్డాను. ఇప్పుడు ఆ ట్యాంకుల్ని చూశాక అలా అనిపించడం లేదు. ఇనుము తన గతం తను చెప్పుకోలేదు గనక మనం చెప్పాలి. చెప్పకపోతే ప్రాణాల మీదికొస్తుంది. తన తప్పు తనే చెప్పుకుని, తనే కడుక్కున్న మనిషికి నేను మళ్ళీ పాత చీటీ ఎందుకు అంటించినట్టు? అడిగినావిడకి నిజం బాకీ వున్నానన్నది ఒప్పుకుంటాను. ఈవిడకేమీ బాకీ లేనా? రెండు బాకీలూ ఒకే నోటితో తీర్చడమెలాగో నాకింకా తెలీడం లేదు. మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.

తెల్లారేసరికి పెరట్లో గుర్రుమని చప్పుడు. మరిది తళతళలాడే ట్యాంకుకి డ్రిల్లుతో కన్నాలు పెడుతున్నాడు. దాని మీద ఎర్రరంగుతో, వంటకి పనికిరాదని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు రాశాడు. తిరిగిచ్చేస్తే సగం డబ్బు వచ్చేదిట. "నువ్వొచ్చి మాకు నష్టం చేశావక్కా" అని చెల్లెలు కాఫీ గ్లాసు చేతికిచ్చింది. నిప్పుగదికి కొత్త మందపాటి స్టీలు రేకు కొంటానని మళ్ళీ కాగితం తీశాడతను. పొడుగు ట్యాంకు మెడలో నీళ్ళ గొట్టం పెట్టాడు. నీళ్ళు పైకొస్తున్నకొద్దీ కుళ్ళు ఉల్లిపాయల కంపు పెరడంతా నిండింది.

నేను తిరిగొచ్చాక మొదటి మంట ఫొటో పంపారు. ఇంకో మూడు మంటలైనా వెయ్యాలిట. వంటావిడ నంబరు నా ఫోన్లో ఇంకా వుంది. ఏమని మొదలుపెట్టాలో తోచక, తీసిన ఫోను మళ్ళీ పెట్టేస్తున్నాను.