శ్రవణము చాలదు, మననము వలయును



ఆలయ మండపమున పురాణము జరుగునపుడు మనమందఱము శ్రద్ధతో విందుము. వినుట పుణ్యమే. కాని ఉపనిషత్తు శ్రవణముతో ఆగలేదు. విన్నదానిని మననము చేయుమన్నది. అనగా యుక్తితో పరిశీలింపుమన్నది. ఆ పిదపనే నిదిధ్యాసనము. ఈ నడిమి మెట్టును మనము విడిచితిమి. అందువలన గుడిలోనే గాక పొలములోను, ఇంటిలోను నష్టపోవుచున్నాము.

మా ప్రాంతమున జరిగిన యొక సంగతి మనవి చేసెదను. బాల్యమున నా వద్ద అమరము వల్లించిన రైతొకడు తన మెట్టపొలమున మూడు బోరులు వేయించెను. అరచేతిలో తెంకాయ నుంచుకొని నీటిజాడ చెప్పువానిని పిలిచి, తెంకాయ లేచి నిలిచిన చోటనే వేయించెను. మూడింటను దుమ్మే లేచినది. ఇల్లాలి నగలు తాకట్టునకు పోయినవి. నాలుగవ బోరుకు ముహూర్తమడుగ వచ్చి, "సామీ, దేవునికి నా మీద దయ లేదేమో!" అని కన్నీరు పెట్టుకొనెను.

"నాయనా, ఆయన మన యూరిలో చూపిన చోట్లెన్ని? నీళ్ళు పడినవెన్ని?" అని యడిగితిని. పడినవే అతడెఱుగును, పడని వాటిని ఎవరును చెప్పుకొనలేదు. ఇద్దఱము మండపపు బండపై సుద్దముక్కతో లెక్క వ్రాసితిమి. పడనివే ఎక్కువ. ఎవరికిని చూపింపక వేసిన బోరులలోను ఇంచుమించు అదే పాలు. అతడు చాలసేపు మాటాడలేదు. నేనును మాటాడలేకపోతిని. ఏలయన, రెండవ బోరుకు ముహూర్తము పెట్టినవాడను నేనే. నలువదియేండ్లు తర్కము చెప్పిన నేను ఆనాడు ఈ చిన్న ప్రశ్న అడుగనైతిని.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. పాఠశాలలో తర్కము మొదలిడు బాలురు చదువు తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు ఆంధ్రుడే. కొండపై పొగ కనబడిన అచట నిప్పున్నదని ఊహింతుము. వంటయింటిలో ఆ రెండింటిని కలిసి పలుమార్లు చూచితిమి. నిప్పులేని పొగను ఎన్నడును చూడలేదు. ఈ తప్పని సంబంధమునకే వ్యాప్తి యని పేరు. దీనిని తలక్రిందులు చేసి, నిప్పున్న చోటనెల్ల పొగ యుండుననిన పొరపాటు. ఎఱ్ఱగా కాలిన యినుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. తప్పిన యుదాహరణ మొక్కటి కనబడినను వ్యాప్తి చెడును. తెంకాయ నిలిచియు నీరు పడని చోట్లు కన్నులయెదుట నుండగా, పడిన చోట్లను మాత్రమే తలచుకొనుట అనుమాన ప్రమాణము కాదు, ఆశ మాత్రమే. భూగర్భజల శాస్త్రము నెఱిగినవారు నేలలోనికి విద్యుత్తును పంపి, రాతిపొరల నిరోధమును కొలిచి చెప్పుదురు. అదియు ఒక్కొక్కప్పుడు తప్పును. కాని వారు హేతువును చూపుదురు. హేతువును మనము పరీక్షింపవచ్చును.

మఱి పెద్దలు చెప్పినది నమ్మవలదా? నమ్మవలయును. అయితే శాస్త్రము ఆప్తుని వాక్యమునే శబ్దప్రమాణమన్నది. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పువాడే ఆప్తుడు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారు బనగానపల్లె చెంత రవ్వలకొండలో కాలజ్ఞానము వ్రాసిరనియు, కందిమల్లాయపల్లెలో సజీవసమాధి నొందిరనియు మన సంప్రదాయము. 2020లో కరోనా వ్యాపించినపుడు, దానిని స్వామివారు ముందే చెప్పిరనుచు కొన్ని పద్యములు ఫోనులలో తిరిగినవి. నాకు పంపినవారిని "ఇది ఏ ప్రతిలోనిది?" అని యడిగితిని. ఒక్కరును చెప్పలేకపోయిరి. పేరు కట్టినంతమాత్రమున అది స్వామివారి వాక్యమగునా? గురుభక్తి గలవాడు మొదట అడుగవలసిన ప్రశ్న యిదియే. అడుగనిచో, ఎవరో అల్లిన మాటను గురువు నోట పెట్టిన దోషము మనకు చుట్టుకొనును.

1820లో ఉద్యోగియై కడపకు వచ్చిన బ్రౌను దొర, వేమన పద్యముల వ్రాతప్రతులను పెక్కింటిని సేకరించి, పండితుల సాయమున ఒకదానితో నొకటి పోల్చి, 1829లో అచ్చు వేయించెను. చేతికందిన మొదటి ప్రతియే వేమన వాక్కని యతడు అనుకొనలేదు. పరదేశి మన కవికి చేసిన ఆ మర్యాదను మన గురువులకు మనము చేయవలదా?

"సంశయించువాడు నశించునని గీత చెప్పలేదా?" అని కొందఱందురు. నాలుగవ అధ్యాయమున చెప్పినమాట నిజమే. కాని అదే అధ్యాయమున, అంతకు ముందే, ప్రణిపాతము, పరిప్రశ్నము, సేవ అను మూడింటిచే జ్ఞానమును పొందుమని భగవానుడు సెలవిచ్చెను. అధ్యాయాంతమున సంశయమును జ్ఞానఖడ్గముతో ఛేదింపుమనెను. కన్నులు మూసికొని దాచుకొమ్మనలేదు. న్యాయదర్శనమున గౌతముడు పేర్కొనిన 16 పదార్థములలో సంశయము మూడవది. అది విచారణకు గుమ్మము వంటిది. గుమ్మమునందే నిలిచిపోవువానికి చేటు. దాటి లోనికి పోవువానికి మేలు.

కావున ఏ మాట వినినను మూడు ప్రశ్నలు వేసికొందము. దీనిని చూచినవారెవరు? ఇది తప్పిన సందర్భములెన్ని? చెప్పువానికి ఇందు లాభమేమి? ఇది నాస్తికత కాదు, మననమే.

ఆ రైతు నాలుగవ బోరు వేయలేదు. అప్పు ఇంకను తీరలేదు. ఏటేట కొంత కట్టుచున్నాడు. మొన్న శనివారము గుడికి వచ్చి, స్వామి యెదుట తెంకాయ కొట్టి, నా వంక చూచి నవ్వుచు, "సామీ, తెంకాయతో చేయాల్సిన పని ఇదే కదా!" అనెను.

మనకు బుద్ధినిచ్చిన భగవంతుడు, దానిని వాడుకొను ధైర్యమును కూడ అనుగ్రహించుగాక! స్వస్తి.