జబ్యా ఎందుకు దాక్కున్నాడు?

'ఫండ్రీ' అనే మరాఠీ సినిమా చివరి భాగంలో ఒక పిల్లవాడు గోడచాటున దాక్కుంటాడు. వాడి పేరు జబ్యా. బడి పక్కనున్న ఖాళీ జాగాలో వాళ్ళమ్మా, నాయనా, అక్కచెల్లెళ్ళూ పందుల వెంట పరిగెడుతున్నారు. పంది చిక్కాలంటే ఇంకో రెండు చేతులు కావాల. ఆ చేతులు జబ్యావి. కానీ అటుపక్క వాడి బడి పిల్లలు నిలబడి వేడుక చూస్తున్నారు. వాడు చాలా రోజులుగా మనసులో దాచుకున్న షాలూ కూడా ఆ గుంపులో ఉంది. నాయన పిలుస్తున్నాడు. వాడు బయటికి రాడు.

ఈ సినిమా 2013లో తయారైంది. తీసినవాడు నాగరాజ్ మంజులే. తొలి సినిమా దర్శకుడికిచ్చే జాతీయ అవార్డు అతనికి, ఉత్తమ బాలనటుడి అవార్డు జబ్యాగా చేసిన సోమనాథ్ అవ్‌ఘడేకి వచ్చాయి. మరాఠీ సినిమా అంటున్నాం గానీ అది మనకు దూరపుదేమీ కాదు. జబ్యావాళ్ళు కైకాడీలు. కొరవ, కొరచ, ఎరుకల, కైకాడి అని చోటుకొక పేరుతో పిలుస్తారు, అంతే. అల్లే గంపా, మేపే పందీ అన్నిచోట్లా ఉన్నాయి. ఫండ్రీ అంటే కైకాడీ మాటలో పంది. ఇంట్లో ఎరుకల బాస మాట్లాడే ముసలివాళ్ళకు ఆ పేరును విడమరిచి చెప్పాల్సిన పని లేదు. దర్శకుడు మంజులే వడ్డర కులంలో పుట్టినవాడు, మహారాష్ట్ర వడ్డర్లు ఇంట్లో మాట్లాడేది తెలుగుకు దగ్గరి మాటే.

తనకల్లులో మా ఇంటి ముందరి గదిలో కొందరు పిల్లలకు ఈ సినిమా చూపించాను. అందరూ తొమ్మిదీ పదీ చదివేవాళ్ళు. ఎరుకల పిల్లలూ ఉన్నారు, తండాల నుంచి వచ్చిన సుగాలి పిల్లలూ ఉన్నారు. కింద ఇంగ్లీషులో మాటలు పడుతుంటే నేను తెలుగులో చెప్పుకుంటూ పోయాను. జబ్యా దాక్కునే చోటికి వచ్చేసరికి నేను చెప్పడం ఆపేశాను. ఎవరూ ఏమని అడగలేదు.

అయ్యాక, నాతోపాటు చూసిన ఒక అయ్యవారు అన్నాడు: "కన్నవాళ్ళ పనికి సిగ్గుపడేది తప్పు గదా, పిల్లలకు ఆ మాట చెప్పండి." ఆయన మంచివాడు, మంచికే అన్నాడు. అయినా ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఎందుకో ఇక్కడ వివరంగా రాస్తాను.

జబ్యాకు పంది అంటే సిగ్గు లేదు. ఇంటి దగ్గర వాటి మధ్యనే తిరుగుతాడు. నల్లపిట్ట కోసం గులేరు పట్టుకుని నేస్తుడితో చెట్టూ పుట్టా తిరిగేటప్పుడు వాడు ఎవరికీ జంకడు. షాలూ కళ్ళో, తరగతి పిల్లల కళ్ళో మీద పడినప్పుడే వాడు ముడుచుకుపోతాడు. తప్పు చేసినవాడు ఒంటరిగా ఉన్నా కుములుతాడు. ఈ రకం సిగ్గు అట్లాంటిది కాదు, ఎదురుగా చూసేవాడొకడు ఉంటేనే పుడుతుంది. అలాంటప్పుడు దాన్ని పిల్లవాడి గుణంలో లోపంగా లెక్కగట్టి, "నువ్వు సరిగా ఉండు" అని వాడికే చెప్పడం ఏం న్యాయం?

ఈ చూపుకు పెద్ద చరిత్రే ఉంది. 1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేశారు. 1911 నుంచి అది మన మద్రాసు రాజధానిలోనూ అమలైంది. ఎరుకలవాళ్ళనీ, ఇంకా ఎన్నో సంచార జాతులనీ పుట్టుకతోనే దొంగలుగా రాసిపెట్టారు. పోలీసుల దగ్గర హాజరు వేయించుకోకుండా ఊరు దాటకూడదన్నారు. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అట్లా పుట్టినవే. 1952లో దేశమంతటా ఆ చట్టాన్ని తీసేశారు. కానీ సంతలో గంపలు దించితే "ఎవరు మీరు, ఏ ఊరు" అని ముందు మా అవ్వనే అడిగేవాళ్ళు. పక్కన ఉల్లిగడ్డలమ్మే ఆమెను అడిగేవాళ్ళు కాదు. అవ్వకు అది అలవాటైపోయింది. అవ్వ కొంగు పట్టుకుని నిలబడిన పిల్లలకు అలవాటు కావడానికి ఏళ్ళు పట్టింది.

బడిలో మనం చెప్పే రెండో మాట, ఏ పనైనా గొప్పదే అని. వినడానికి బాగుంటుంది. కానీ సినిమాలో కచ్రూ, అంటే జబ్యా నాయన, పందులు పట్టేది ఇష్టపడి కాదు. పంది తగిలి దేవుడి పల్లకి మైలపడిందని ఊరివాళ్ళు చెప్పారు కాబట్టి, కూతురి పెళ్ళికి డబ్బు కావాల కాబట్టి పడుతున్నాడు. ఆ పని అంత గొప్పదైతే ఊళ్ళో ఇంకో ఇల్లు ఎందుకు చేయదు? పనిని పంచుకోవడం వేరు, మనుషుల్ని పుట్టుకను బట్టి పనులకు కట్టేయడం వేరు అని అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పాడు. కట్టేసిన తాడును చూపకుండా పనిని మాత్రం పొగిడితే, పిల్లవాడికి మన మాట మీద నమ్మకం పోతుంది. పోవడమే మంచిది.

అయితే కచ్రూ వైపు నుంచి చూడకపోతే ఈ లెక్క పూర్తి కాదు. దాక్కున్న కొడుకును దొరకబుచ్చుకుని అతను కొడతాడు. ఆ దెబ్బ చూస్తే కడుపు తరుక్కుపోతుంది, అతని మీద కోపం మాత్రం నాకు రాలేదు. అందరి ముందూ పరిగెత్తడం అతనికి మాత్రం బాగుంటుందా? సిగ్గుపడేంత తీరుబడి కూడా అతనికి లేదు. జబ్యా గోడచాటున ఉన్నంతసేపూ ఆ నవ్వులన్నీ అమ్మమీదా అక్కమీదా పడ్డాయి. ఆ కాసేపు వాడు వాళ్ళకు బాకీపడ్డాడనే నేననుకుంటున్నాను. సిగ్గుపడినందుకు కాదు, వాళ్ళను వదిలేసినందుకు. ఈ రెండూ ఒకటే అని మనం పిల్లలకు చెప్తుంటాం. అందుకే వాళ్ళకు రెండోది కూడా అర్థం కాకుండా పోతోంది.

ఈ మాటే గదిలో అంటే, తండా నుంచి వచ్చిన ఒక ఆడపిల్ల నిదానంగా అంది: "అందరూ జబ్యా గురించే మాట్లాడుతున్నారు సార్. చూసేటోళ్ళలో ఒక్కరు దిగిపోయి పందిని పట్టుంటే అయిపోయేది గదా." ఆ పిల్ల అవ్వ ఫేటియా, కాంచళి కట్టుకుని హాస్టలు దగ్గరికి వస్తుంది. గేటు బయటే ఉండమని చెప్పే పిల్లలున్నారనీ, తను మాత్రం లోపలికి పిలుచుకుని వస్తాననీ, పిలుచుకొచ్చిన ప్రతిసారీ కడుపులో ఏదో మెలిపెట్టినట్టుంటుందనీ చెప్పింది. ధైర్యమంటే మెలిపెట్టకపోవడం అనుకుంటాం మనం.

ఆ పిల్ల చెప్పింది పట్టుకుంటే అయ్యవార్ల పని ఎక్కడో తెలుస్తుంది. నవ్వబడే పిల్లవాడిని పక్కకు పిలిచి ధైర్యం చెప్తాం, నవ్విన ముప్పైమందికి పాఠం చెప్పం. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, నలుగురూ చూసే చోట ఎస్సీ, ఎస్టీ మనిషిని కావాలని అవమానించడాన్ని నేరమంటుంది. అక్కడ చట్టం వేలు చూపేది అవమానించినవాడి వైపు. తరగతి గదిలో మన వేలు ఎటు పోతోంది? మా మండలంలో ఒక పిల్లవాడు బడి మానేశాడు. బస్టాండులో వాళ్ళమ్మ గంపలమ్ముతుంటే తరగతి పిల్లలు చూశారు, మరుసటి రోజు గంప అని పేరు పెట్టారు. ఆ ఏడు వాన లేక శెనక్కాయ పోయి సగం ఊరు బెంగుళూరు బస్సెక్కింది కాబట్టి, రిజిస్టరులో వాడి పేరుకెదురుగా వలస అని రాశారు. వాడు మాత్రం చాలాకాలం ఇక్కడే, ఇంట్లోనే ఉన్నాడు.

సినిమాలో ఇంకో చోటు. పంది చేతికి చిక్కబోతుండగా బడిలో జాతీయగీతం మొదలవుతుంది. ఆ ఇంటిల్లిపాదీ ఎక్కడివాళ్ళక్కడ కదలకుండా నిలబడిపోతారు. పంది తన దారిన పోతుంది. గీతం పాడేందుకు 52 సెకన్లు పడుతుంది. అంతసేపూ లోపలి పిల్లలూ బయటి జబ్యా ఒకే తీరుగా నిలబడి ఉంటారు. అయిపోగానే ఎవరి చోటికి వాళ్ళు, వీళ్ళు మళ్ళీ పంది వెనక. తర్వాత చచ్చిన పందిని కర్రకు కట్టి మోసుకుపోతుంటే వెనక బడిగోడ మీద అంబేడ్కర్, సావిత్రీబాయి ఫూలే బొమ్మలు కనిపిస్తాయి. బొమ్మలు వేయించని బడి మన దగ్గర కూడా ఏముంది.

చిట్టచివర, వెంటపడి ఎగతాళి చేస్తున్నవాళ్ళ మీద జబ్యా రాయి విసురుతాడు. ఆఖరి రాయి నేరుగా మన మీదికే వస్తుంది, తెర నల్లబడుతుంది. అట్లాంటివి పిల్లలకు చూపకూడదని మా మిత్రుడన్నాడు. రాయి విసరమని నేనూ ఏ పిల్లవాడికీ చెప్పను. కానీ గోడచాటున ఉన్నవాడు బయటికొచ్చి నిలబడ్డాడు, అదీ చూడాలి. ఎవరి వైపు తిరగాలో వాడికి అప్పటికి తెలిసింది.

గదిలో ఒక పిల్లవాడు అడిగాడు, "ఆ రాయి ఎవరికి తగిలింది సార్?" అని. పక్కనున్న ఇంకొకడు మా మిత్రుడి వైపు చూశాడు. ఆయన నవ్వి, చెయ్యి నుదుటికి పెట్టుకున్నాడు.